ప్రోగ్రెసివ్ హౌస్‌లో పైకి రావాలంటే: మొదటి ట్రాక్ నుంచి ఓపెనింగ్ స్లాట్ దాకా

మన ఊళ్లలో "డీజే పెట్టించారా?" అని అడిగితే అది మనిషి గురించి కాదు, డీసీఎం వ్యాను మీద పేర్చిన స్పీకర్ల గురించి. ఇక్కడి సంగతి వేరు. నిమిషానికి 120 నుంచి 124 బీట్ల వేగంతో, ఏడెనిమిది నిమిషాల పాటు ఒకే ఆలోచనను కొంచెం కొంచెంగా విప్పుకుంటూ పోయే సంగీతం ప్రోగ్రెసివ్ హౌస్. అందులో సొంత ట్రాకులు కట్టి, వాటిని విడుదల చేసే సంస్థల, అంటే లేబుళ్ల దాకా చేర్చి, క్లబ్బులో నిలబడి వాయించడానికి ఏ పని ఏ వరసలో చేయాలో, ఎక్కడ దెబ్బ తింటారో చూద్దాం.

పేరుతోనే ఒక చిక్కుంది. యూట్యూబ్‌లో ఈ పేరు కొట్టి చూస్తే సగం ఫలితాలు 2010ల మొదట్లో పెద్ద ఫెస్టివల్ స్టేజీల మీద మోగిన 128 బీట్ల చేతులెత్తించే పాటలే వస్తాయి. అసలు పేరు అంతకంటే పాతది. 1992లో బ్రిటన్‌లోని మిక్స్‌మ్యాగ్ పత్రికలో డామ్ ఫిలిప్స్ దీన్ని వాడుకలోకి తెచ్చారు. సాషా, జాన్ డిగ్వీడ్, నిక్ వారెన్ లాంటివాళ్లు దాన్ని నిలబెట్టారు. ఇప్పుడు దానికి అన్నిటికంటే గట్టి పట్టున్న ఊరు బహుశా బ్యూనస్ ఐరిస్. అక్కడి డీజే హెర్నాన్ కాతానియో రాత్రంతా సాగే సెట్లకు, అంటే ట్రాకుల్ని ఒకదానిలోకి ఒకటి కలుపుతూ ఆపకుండా వాయించడానికి, పేరుపడ్డవాడు. డిగ్వీడ్ నడిపే బెడ్‌రాక్, కాతానియో సడ్‌బీట్, గై జె లాస్ట్ అండ్ ఫౌండ్, వారెన్ ది సౌండ్‌గార్డెన్: ఈ నాలుగు లేబుళ్ల ట్రాకులు తలా పది వింటే మనం దేని గురించి మాట్లాడుతున్నామో చెవికి తెలిసిపోతుంది. ఫెస్టివల్ రకం ట్రాకును ఈ లేబుళ్లకు పంపితే ముప్పై సెకన్లలో పక్కన పడేస్తారు.

కాతానియో అంతర్జాతీయంగా తెలిసిన దారి కూడా గమనించదగ్గది. బ్యూనస్ ఐరిస్‌లోని పాచా క్లబ్బులో రెసిడెంట్‌గా (అక్కడ క్రమంగా వాయించే డీజేగా), బయటినుంచి వచ్చే పెద్ద డీజేలకు ముందు వాయించే పనిలో ఉండగా బ్రిటిష్ డీజే పాల్ ఓకెన్‌ఫోల్డ్ విన్నాడు, తర్వాత తన టూర్లకు తీసుకెళ్లాడు. ఈ సంగీతంలో ఎక్కువమంది పైకొచ్చింది ఈ తలుపు గుండానే. తొందరపడకుండా ఎంతసేపు పట్టి ఉంచగలరన్నదే ట్రాకులోనూ, సెట్‌లోనూ, లేబుల్‌తో వ్యవహారంలోనూ మిమ్మల్ని కొలిచే కొలత. కింద చెప్పే సాంకేతిక విషయాల్లో సగం ఈ తొందర వల్ల వచ్చే తప్పులే.

ముందు చెవి, తర్వాత సామాను

నచ్చిన ట్రాకు ఒకటి కొని, మీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, టెంపో సరిచేసి, ప్రతి 16 బార్లకు (ఒక బారు అంటే నాలుగు బీట్లు) ఒక గుర్తు పెట్టండి. ఒక్కో గుర్తు దగ్గర ఏం వచ్చింది, ఏం పోయింది, దేని ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని కోసి ఆపేది) ఎంత తెరుచుకుంది అన్నది ఒక్క వాక్యంలో రాయండి. పది ట్రాకులకు ఇలా చేస్తే ఓ విషయం బయటపడుతుంది: బేస్‌లైన్ దాదాపు మారదు, కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) చాలాసార్లు రెండే ఉంటాయి, మార్పంతా రంగులోనూ సాంద్రతలోనూ జరుగుతుంది. కొత్తవాళ్ల ట్రాకుల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది. ఎనిమిది బార్లకో కొత్త మెలొడీ వస్తుంది కానీ శబ్దం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది.

సామానుకు పెద్ద చర్చ అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఏబుల్టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, లాజిక్ ప్రో మూడింటిలో ఏదైనా పనికొస్తుంది. లాజిక్ మ్యాక్ మీదే నడుస్తుంది, ఎఫ్ఎల్ ఒకసారి కొంటే తర్వాతి అప్‌డేట్లు ఉచితం, లైవ్ ఇంట్రో ఎడిషన్‌లో 16 ట్రాకుల పరిమితి ఉంది. ప్రోగ్రెసివ్ ప్రాజెక్టులో పెర్కషన్ పొరలే పదికి చేరతాయి కాబట్టి ఆ పరిమితి రెండో నెలలోనే అడ్డం తగులుతుంది.

స్పీకర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. యమహా హెచ్ఎస్5 లాంటి 5 అంగుళాల మానిటర్ సుమారు 54 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. మీ కిక్ (ప్రతి బీటుకూ పడే పెద్ద డ్రమ్ దెబ్బ) అసలు స్వరం 49 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఆ స్పీకర్లో మీరు వింటున్నది దాని నీడను మాత్రమే. అందుకే కింది భాగాన్ని మంచి హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే స్పెక్ట్రమ్ మీటర్ మీద ఒకసారి చూసి తీరాలి. మన ఇటుక గోడల చదరపు గదుల్లో బేస్ ఒక మూల రెట్టింపై, గది మధ్యలో మాయమవుతుంది. గోడకు బల్ల ఆనించి కూర్చుని ట్రాకు కలిపితే బేస్ ఎక్కువ వినిపిస్తుంది, మీరు తగ్గిస్తారు, క్లబ్బులో ట్రాకు తేలిపోతుంది. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే స్పీకర్లలో గుయ్యిమనే హమ్ వస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీయగానే అది ఆగిపోతే తప్పు స్పీకర్లది కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ట్రాకు కట్టడం

122 బీట్ల వేగంలో ఒక బీటు 492 మిల్లీసెకన్లు, ఒక బారు దాదాపు రెండు సెకన్లు, 32 బార్లు 63 సెకన్లు. ఈ మూడు అంకెలు ఒంటబట్టాలి.

కిక్, బేస్ రెండూ కుదిరాకే మిగతావి. కిక్ స్వరాన్ని ట్రాకు శ్రుతికి కలపండి. పాశ్చాత్య స్వరాల్లో ఎఫ్ అయితే 43.7, జి అయితే 49, ఏ అయితే 55 హెర్ట్జ్. ఎఫ్ నుంచి ఏ వరకు ఉన్న శ్రుతులు చాలా ట్రాకుల్లో కనిపించడానికి ఓ కారణం ఇదే: అంతకంటే కిందికి, డి దాకా వెళితే 36.7 హెర్ట్జ్, అది చిన్న క్లబ్బుల సబ్ఊఫర్లకు అందదు. కిక్ తోకను 200 మిల్లీసెకన్ల లోపు కోయండి. పొడుగు తోక కిక్ సోలోలో ఘనంగా ఉంటుంది, బేస్ వచ్చాక బురద.

బేస్ మీద సైడ్‌చెయిన్ (కిక్ పడ్డప్పుడల్లా కంప్రెసర్‌తో బేస్‌ను కాసేపు తగ్గించే అమరిక) పెట్టేటప్పుడు అటాక్, అంటే తగ్గడానికి పట్టే సమయం, 1 మిల్లీసెకను లోపు, రిలీజ్, అంటే తిరిగి లేవడానికి పట్టే సమయం, 150 నుంచి 200 మధ్య మొదలుపెట్టండి. రెండు బీట్ల నడుమ పడే ఆఫ్‌బీట్ నోటు కిక్ తర్వాత 246 మిల్లీసెకన్లకు వస్తుంది. రిలీజ్ 250 దాటితే ఆ నోటు మొదలు కంప్రెసర్ మింగేస్తుంది, గ్రూవ్, అంటే లయలోని ఊపు, కుంటుతుంది. చాలామంది దీన్ని చూసి బేస్ వాల్యూమ్ పెంచుతారు, దాంతో ఇంకో సమస్య మొదలవుతుంది. ఇంకో పరీక్ష: బేస్ పొలారిటీ (శబ్ద తరంగం పైకిందులు) తిప్పి చూడండి. తిప్పినప్పుడు కింది భాగం బలంగా వినిపిస్తే ఇంతసేపూ కిక్, బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు లెక్క. 120 హెర్ట్జ్ కిందిదంతా మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకేలా ఉంచండి. కిక్, బేస్ తప్ప మిగతా వాటన్నిటికీ 100 నుంచి 150 దగ్గర హై పాస్ (అంతకంటే కిందిదాన్ని కోసే ఫిల్టర్) పెట్టండి, ముఖ్యంగా గది ప్రతిధ్వని తెచ్చే రివర్బ్‌కు. రివర్బ్ దారిలో 300 దగ్గర కోసేస్తే బ్రేక్‌డౌన్ (కిక్, బేస్ ఆగిపోయే మధ్య భాగం) సగం శుభ్రపడుతుంది.

మోటిఫ్, అంటే ట్రాకంతా తిరిగి తిరిగి వచ్చే స్వరాల వరస, చిన్నదిగా ఉండాలి. నాలుగైదు స్వరాలు చాలు. దాన్ని 16 స్టెప్పుల బారులో మూడేసి స్టెప్పుల ఎడంతో పేరిస్తే బారు గీతతో కలవకుండా తిరుగుతుంది, మూడు బార్లకు గానీ మళ్లీ మొదటికి రాదు. అదే ఎత్తుగడ డిలేలోనూ (నోటును కాసేపటికి మళ్లీ వినిపించే ఎఫెక్టులో) పనిచేస్తుంది: చుక్క పెట్టిన ఎనిమిదో వంతు డిలే, అంటే 369 మిల్లీసెకన్లు. ఒక్క నోటు వాయించినా లోపల అల్లిక పుడుతుంది. ఆ మోటిఫ్ ఫిల్టర్‌ను 64 బార్ల మీద తెరవండి. గీత సూటిగా గీయకండి. మొదటి 48 బార్లలో మూడో వంతు, చివరి 16లో మిగతాది. చెవి శబ్దం పెరగడాన్ని సమంగా వినదు, సూటి గీతలో సగం దాటాక ఇంకేం జరగనట్టే ఉంటుంది.

అమరికకు పనికొచ్చే ఒక కొలత: ఇంట్రో 32 బార్లు, బేస్‌తో గ్రూవ్ 32, మోటిఫ్ పరిచయం 32, బ్రేక్‌డౌన్ 32, అసలు భాగం 48, ఔట్రో 32. మొత్తం 208 బార్లు, 6 నిమిషాల 49 సెకన్లు. బ్రేక్‌డౌన్ 3 నిమిషాల 9 సెకన్లకు మొదలవుతుంది. ఇంట్రో, ఔట్రోల్లో మెలొడీ పెట్టకండి, అవి అవతలి డీజే మరో ట్రాకుతో కలుపుకునే చోట్లు. స్ట్రీమింగ్ కోసం 3 నిమిషాల ఎడిట్ విడిగా చేసుకోవచ్చు. దాన్నే డెమోగా, అంటే లేబుల్‌కు వినిపించే నమూనాగా, పంపే పొరపాటు మాత్రం చేయకండి.

కర్ణాటక గొంతు వాడదలిస్తే

తెలుగువాళ్లకు ఇక్కడ సహజంగా చేతికందే సరుకు ఒకటుంది. ప్రోగ్రెసివ్ ట్రాకు ఒకే ఆధార స్వరం మీద నిలిచి ఉంటుంది కాబట్టి తంబుర మీద పాడే ఆలాపన అందులో ఇమిడిపోతుంది. పాడేవారి శ్రుతి ముందు అడిగి, ట్రాకు శ్రుతి దానికి పెట్టుకోండి. తర్వాత గొంతును పైకీ కిందికీ లాగితే గమకం రబ్బరులా సాగుతుంది. అయిదున్నర శ్రుతిలో పాడే గాయని అయితే జి షార్ప్, కిక్ 52 హెర్ట్జ్ దగ్గర చక్కగా కూర్చుంటుంది. ఒకటిన్నర శ్రుతి గాయకుడైతే సి షార్ప్. అక్కడ బేస్ 69 దగ్గర ఉంచి, కిక్‌ను పంచమానికి, అంటే జి షార్ప్‌కే కలపడం మేలు.

నటభైరవి స్వరాలు పాశ్చాత్యుల నేచురల్ మైనర్‌తో, ఖరహరప్రియ స్వరాలు డోరియన్‌తో సరిపోతాయి కాబట్టి మొదటి ప్రయత్నానికి ఆ రెండూ అనువైనవి. అయినా ప్యాడ్‌లో (వెనక నిలకడగా సాగే సింథ్ శబ్దంలో) మైనర్ థర్డ్, అంటే సాధారణ గాంధారం, పట్టి ఉంచకండి. గాయని ఆ గాంధారాన్ని ఊపుతుంది, మీ ప్యాడ్ కదలదు, రెండూ రాసుకుని అపశ్రుతి వినిపిస్తుంది. గొంతు ఉన్నంతసేపు ప్యాడ్‌లో సా, పా మాత్రమే. పిచ్ కరెక్షన్ అసలే వద్దు, అది గమకాన్ని మెట్లుగా నరుకుతుంది.

హక్కుల సంగతి కూడా. త్యాగరాజు 1847లో పోయారు, ఆయన కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ కీర్తన పాడిన రికార్డింగ్ మీద మన చట్టం ప్రకారం 60 ఏళ్ల హక్కు ఉంటుంది. యూట్యూబ్ నుంచి కోసుకున్న ఆలాపనతో చేసిన ట్రాకును ఏ లేబులూ తీసుకోదు. తీసుకున్నా రేపు దించేస్తారు. గాయకులను పిలిచి, డబ్బిచ్చి, ఏ ట్రాకుకు ఏ షరతు మీద పాడారో ఒక పేజీ రాయించుకోండి.

మిక్స్, మాస్టర్

మిక్స్ పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండాలి, మాస్టర్ మీద శబ్దం ఒక హద్దు దాటకుండా నొక్కే లిమిటర్ ఉండకూడదు. మాస్టరింగ్‌కు 24 బిట్ వేవ్ పంపండి. క్లబ్బు మాస్టర్ మైనస్ 9 నుంచి మైనస్ 8 లఫ్స్ (చెవికి వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గర ఆగితే చాలు. మైనస్ 6కు నెట్టిన ట్రాకులో బ్రేక్‌డౌనూ, అసలు భాగమూ ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి, మూడు నిమిషాలు కట్టుకుంటూ వచ్చింది దిగాల్సిన చోట దిగదు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14కు సర్దేస్తుంది కాబట్టి అంత గట్టిగా నొక్కడం వల్ల అక్కడా లాభం లేదు.

పూర్తయ్యాక మోనోలో వినండి. చాలా క్లబ్బుల సిస్టమ్ మోనోలోనే నడుస్తుంది, చాలా మిక్సర్లకు దానికోసం స్విచ్చే ఉంటుంది. స్టీరియో వెడల్పు ప్లగిన్‌తో విశాలంగా చేసిన ప్యాడ్ మోనోలో మాయమైతే ఆ వెడల్పు మీ హెడ్‌ఫోన్స్‌కే పరిమితం.

లేబుల్ తలుపు తట్టడం

ఏ లేబుల్‌కు పంపాలో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి: గత ఏడాది ఆ లేబుల్ నుంచి వచ్చినవాటిలో కనీసం ఐదు ట్రాకులు మీరు మీ సెట్‌లో వాయిస్తున్నారా? లేకపోతే మీ ట్రాకు కూడా వాళ్లకు సరిపడదు. పెద్ద పేరున్న లేబుల్‌లో రోజూ కొట్టుకుపోయే డెమోల కంటే, నెలకు రెండు మూడు విడుదలలు చేసే చిన్న లేబుల్‌లో మీ ట్రాకు వినబడే అవకాశం ఎక్కువ. ప్రోటాన్ రేడియో, ఫ్రిస్కీ రేడియో లాంటి ఆన్‌లైన్ చానళ్ల ప్లేలిస్టులు చూస్తే ఏ చిన్న లేబుల్‌ను ఎవరు వాయిస్తున్నారో తెలుస్తుంది.

సౌండ్‌క్లౌడ్ ప్రైవేట్ లింకు, డౌన్‌లోడ్ తెరిచి, ఒకటి లేదా రెండు ట్రాకులు. మెయిల్‌కు ఫైలు తగిలించకండి. నాలుగు వాక్యాలు చాలు: పేరు, ఊరు, ట్రాకు ఇంకెక్కడా విడుదల కాలేదన్న మాట, ఇప్పటివరకు ఎవరైనా వాయించి ఉంటే ఆ వివరం. ఒకే మెయిల్ ఇరవై లేబుళ్లకు కాపీ కొడితే ఇరవైమందీ చదవరు. ఒక్కరికి పంపి, మూడు నాలుగు వారాలు ఆగి, జవాబు లేకపోతే తర్వాతివారికి. ఆ ఆగే వారాల్లో ట్రాకును ఇన్‌స్టాలో పూర్తిగా పెట్టేస్తే దాన్ని విడుదల కానిదిగా లేబుల్ చూడదు.

ఒప్పందం వస్తే ఆనందం పక్కన పెట్టి చదవండి. చిన్న లేబుళ్లలో ఖర్చులు పోగా సగం సగం మామూలు; 'ఖర్చులు' అంటే ఏవో పేరుపేరునా రాయించుకోండి, లేకపోతే కవర్ బొమ్మ, మాస్టరింగ్, ప్రోమో అన్నీ మీ సగంలోంచే పోతాయి. మాస్టర్ హక్కు, అంటే రికార్డింగ్ మీది హక్కు, ఎన్నేళ్లకు ఇస్తున్నారో, లేబుల్ మూతపడితే అది మీకు తిరిగి వస్తుందో లేదో చూడండి. స్టేట్‌మెంట్ మూడు నెలలకా, ఆరు నెలలకా? ఎంత మొత్తం జమ అయితే గానీ పంపరు? పబ్లిషింగ్ హక్కు (స్వరరచన మీది) మాస్టర్‌తో పాటు చాప కింద నీరులా పోయే క్లాజ్ ఒకటి ఉంటుంది, దాన్ని కొట్టేయమనండి. విడుదల చేయడానికి మీ దగ్గరే డబ్బడిగే లేబుల్‌కు జవాబు కూడా అనవసరం.

సంతకానికీ విడుదలకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలైనా పడుతుంది. ఆ వ్యవధి ప్రోమో కోసం: పెద్ద డీజేలకు ట్రాకు ముందే చేరి, వాళ్ల సెట్లలోనూ రేడియో షోల్లోనూ మోగాలి. డీజేలు ట్రాకులు కొనే ఆన్‌లైన్ దుకాణం బీట్‌పోర్ట్‌లో ఏ విభాగం కింద వేస్తున్నారో లేబుల్‌ను అడగండి. ప్రోగ్రెసివ్ హౌస్, మెలొడిక్ హౌస్ అండ్ టెక్నో, ఆర్గానిక్ హౌస్ మూడూ పక్కపక్క గదులు. తప్పు గదిలో పెడితే మీ ట్రాకు వెతికేవాళ్లకు దొరకదు. ప్లేలిస్టులో వేయమని స్పాటిఫై ఎడిటర్లను అడగాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందే చేయాలి.

వాయించడం

ఇంట్లో డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 లాంటి రెండు చానళ్ల కంట్రోలర్ మీద నేర్చుకోవచ్చు, కానీ క్లబ్బులో మామూలుగా ఉండేది సీడీజే-3000 గానీ సీడీజే-2000 నెక్సస్2 గానీ ప్లేయర్లు. మొదటి గిగ్‌కు ముందు ఆ ప్లేయర్లున్న స్టూడియో ఏదైనా గంటల లెక్కన అద్దెకు తీసుకుని రెండు మూడుసార్లు చేయి తిప్పి రండి. వేగాన్ని దానంతటదే కలిపే సింక్ బటన్ నొక్కకుండా, తెర మీది వేవ్‌ఫార్మ్‌ను కాగితంతో కప్పి అరగంట కలపగలిగితే చాలు.

పెన్‌డ్రైవ్ విషయంలో జరిగే తప్పులు దాదాపు అన్నీ ఇంట్లోనే ఆపగలిగినవి. ఎఫ్ఏటీ32, మాస్టర్ బూట్ రికార్డ్‌తో ఫార్మాట్ చేయండి. నెక్సస్2 ప్లేయర్ ఎక్స్‌ఫ్యాట్‌ను చదవదు. 32 జీబీ డ్రైవ్‌లో ఏడు నిమిషాల ఏఐఎఫ్ఎఫ్ ట్రాకులు 400 పడతాయి, ఏ రాత్రికైనా ఎక్కువే. ట్రాకులను ప్లేయర్లకు సిద్ధం చేసే రెకార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించి, బీట్లు ఎక్కడెక్కడ పడతాయో చూపే బీట్‌గ్రిడ్ సరిచేసి, ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైళ్లను ఊరికే కాపీ కొడితే వేవ్‌ఫార్మూ ఉండదు, మీరు పెట్టుకున్న క్యూ గుర్తులూ ఉండవు. ఈ-8305 అన్న ఎర్రర్ కనిపిస్తే అది ప్లేయర్‌కు అర్థం కాని ఫైలు. కొన్ని వేవ్ ఫైళ్ల హెడర్ తేడాగా ఉండటం వల్ల కూడా ఇది వస్తుంది. అదే ట్రాకును ఏఐఎఫ్ఎఫ్‌గా మార్చుకుంటే పోతుంది. ఒకే సరుకుతో రెండు డ్రైవ్‌లు, హెడ్‌ఫోన్‌కు 6.3 మిల్లీమీటర్ల అడాప్టర్ సంచిలో ఉండాల్సిందే.

ఈ సంగీతంలో ఒక ట్రాకు నుంచి ఇంకోదానికి మారడం 64 బార్లు, అంటే రెండు నిమిషాలకు పైగా పడుతుంది. కొత్త ట్రాకును బేస్ పూర్తిగా తగ్గించి లోపలికి తెచ్చి, 32 బార్ల గడప దగ్గర రెండు బేస్ నాబ్‌లనూ ఒకేసారి మార్చండి. రెండు బేస్‌లు నాలుగు బార్లు కలిసి నడిచినా నేల మీద తెలిసిపోతుంది, ముందు వరసలో ఊగుతున్నవాళ్లు ఆగుతారు. శ్రుతి కలపడానికి కేమెలాట్ చక్రం (శ్రుతులకు అంకెలిచ్చి, ఏది దేనితో కలుస్తుందో చూపే పటం) వాడితే 8ఏ పక్కన 8ఏ, 7ఏ, 9ఏ, 8బీ నప్పుతాయి. కలిసేది డ్రమ్స్ మీద డ్రమ్సే అయితే శ్రుతి గురించి బెంగ అక్కర్లేదు. కీ లాక్ (వేగం మారినా స్వరం మారకుండా ఆపేది) తీసేసి టెంపో ఆరు శాతం మారిస్తే స్వరం దాదాపు అర మెట్టు జరుగుతుందని గుర్తుంచుకోండి, ఒక్కోసారి అదే దారి చూపిస్తుంది.

ఓపెనింగ్ స్లాట్‌కు, అంటే ఆ రాత్రి ముఖ్యమైన డీజే అయిన హెడ్‌లైనర్‌కు ముందు వాయించే సమయానికి వద్దాం. తొమ్మిదింటికి తలుపు తెరిచాక గదిలో పదిహేనుమంది ఉంటారు, వాళ్లలో ఐదుగురు బార్ దగ్గర ఉంటారు. వాళ్లను ఆడించడం మీ పని కాదు. వాళ్లు మాట్లాడుకుంటూ తల ఊపడం మొదలుపెట్టి, రెండు గంటల తర్వాత ఫ్లోర్ మీద ఉండి, ఇంకా ఏదో రావాల్సి ఉందని అనుకుంటూ ఉండాలి. 116 నుంచి మొదలుపెట్టి రెండు గంటల్లో 121కి చేరండి. మొదటి గంట పెద్ద బ్రేక్‌డౌన్ ఉన్న ట్రాకులు వాడకండి: ఖాళీ గదిలో బ్రేక్‌డౌన్ అంటే జనం బయటికి నడవడానికి ఇచ్చిన సమయం. హెడ్‌లైనర్ సొంత ట్రాకులు, ఆయన లేబుల్ హిట్లు ముట్టుకోకూడదు. చానల్ మీటర్ సున్నా దాటి నారింజ రంగు అంచున ఉండాలి, ఎరుపుకు వెళ్లకూడదు. ఎరుపులోకి తోస్తే సిస్టమ్ లిమిటర్ నొక్కేస్తుంది, కిక్ మెత్తబడుతుంది, శబ్దం పెరగదు. మాస్టర్ వాల్యూమ్‌లో కూడా రెండు మూడు డెసిబెల్స్ తర్వాతి మనిషికి మిగల్చండి. చివరి ట్రాకు ఔట్రో పొడుగ్గా ఉన్నది పెట్టి, వచ్చే డీజేకు ఏ చానల్ ఖాళీగా ఉందో వేలితో చూపించి పక్కకు జరగండి. అప్పగింత సాఫీగా చేసినవాళ్ల పేరు హెడ్‌లైనర్‌కూ ప్రమోటర్‌కూ గుర్తుంటుంది.

హైదరాబాద్ పబ్బుల్లో శనివారం రాత్రి ప్రోగ్రెసివ్‌కు చోటు తక్కువ. "అన్నా, తెలుగు పాట పెట్టవా" అని కన్సోల్ దగ్గరికి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, వాళ్లది తప్పూ కాదు. వారం మధ్యలోనో, ఆదివారం సాయంత్రమో నలుగురు కలిసి ఒక రాత్రిని సొంతంగా నడపడం మేలైన దారి; రెండేసి గంటల స్లాట్లు, ప్రతిసారీ వరస మార్చుకుంటూ. ఆరుబయట అయితే ఇంకో లెక్క. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటాక బయట లౌడ్‌స్పీకర్లు ఆపాలి, కాబట్టి బయటి కార్యక్రమాలు మధ్యాహ్నం మూడు నాలుగుకే మొదలవుతాయి. ఎండ దిగే ఐదు నుంచి ఏడు మధ్య స్లాట్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. ప్రోగ్రెసివ్‌కు అంతకంటే నప్పే వేళ లేదు, అడిగి మరీ తీసుకోండి. జనరేటర్ మారేటప్పుడు ప్లేయర్లు ఆరి మళ్లీ వెలుగుతాయి. కన్సోల్‌కు యూపీఎస్ ఉందా అని సౌండ్‌చెక్‌లోనే అడగండి.

చెవులు. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపై ప్రతి మూడు డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. బూత్ మానిటర్ అంతకంటే గట్టిగానే ఉంటుంది. సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు కొనండి, కలిపేటప్పుడు మాత్రమే బూత్ పెంచి తర్వాత దించండి.

డబ్బు, కాగితాలు

మొదటి ఏడాది రాయల్టీలు టీ ఖర్చుకు వస్తాయి, ఆదాయమంటే గిగ్‌లే. తేదీ ఖాయం చేసేటప్పుడే సగం అడ్వాన్స్ తీసుకోండి. వాట్సాప్‌లోనైనా సరే మొత్తం, స్లాట్ సమయం, ప్లేయర్ల మోడల్, రాకపోకలు ఎవరివో రాతపూర్వకంగా ఉండాలి. నిర్వాహకులు టీడీఎస్ కింద పది శాతం కోస్తే అది మీ పేరు మీద కట్టిన పన్ను లెక్క చూపే 26ఏఎస్‌లో కనిపించాలి, కనిపించకపోతే వాళ్లు కట్టలేదని అర్థం. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. పాటల ప్రదర్శన లైసెన్సులు వేదికవాళ్ల బాధ్యత అని ఒప్పందంలో ఒక వాక్యం పెట్టండి. సొంత ట్రాకులు విడుదలవుతుంటే కంపోజర్‌గా ఐపీఆర్ఎస్‌లో (రచయితలకు, సంగీతకర్తలకు రాయల్టీలు వసూలు చేసే సంఘంలో) సభ్యత్వం తీసుకోవడం మర్చిపోవద్దు.

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లు వారాంతాల్లో వాయించడం మామూలైంది. ఎఫ్-1 గానీ హెచ్-1బీ గానీ ఉన్నవారు డబ్బు తీసుకుని గిగ్ చేస్తే అది అనుమతి లేని పని కిందికి వస్తుంది, వీసాకే ఎసరు. 'డబ్బు తీసుకోలేదు' అన్నది కూడా ప్రతిసారీ కాపాడదు, ఎందుకంటే మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేసినా ప్రశ్న రావచ్చు. పోస్టర్ మీద పేరు వేయించుకునే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. అప్పటిదాకా ట్రాకులు పూర్తి చేసుకుంటూ, రికార్డు చేసిన మిక్సులు రేడియో షోలకు పంపుకోవచ్చు. 1993లో డిగ్వీడ్‌కు రినైసాన్స్ క్లబ్బు తలుపు తెరిచింది కూడా ఒక డెమో టేపే.